మోటారు సైకిలు ఇంజనుకు తగిన నూనె: కందెనల చరిత్ర

హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు విజయవాడ రహదారిపై దూరము స్వల్పమే. మెట్రో రైలులో పోయినచో మూడు మజిలీలు. ఆ కొద్ది దూరములో, రోడ్డు ప్రక్కన కొన్ని, లోపలి సందులలో మరికొన్ని, మోటారు సైకిళ్లను బాగుచేయు షెడ్లు పెక్కు కనిపించును. బండిని స్టాండుపై నిలిపి, క్రింద పళ్లెము పెట్టి, పాత నూనెను దించు వేళ మెకానిక్కు అడుగు ప్రశ్న ఒక్కటే: “ఏ ఆయిల్ పొయ్యాలన్నా?” దానికి వచ్చు జవాబు కూడ సాధారణముగా ఒక్కటే: “మంచిది పొయ్యన్నా.”

“మంచిది” అనగా ఏది? ఈ ప్రశ్నకు అక్కడ చేరిన నలుగురి వద్ద మూడు సమాధానములు సిద్ధముగా ఉండును. వ్రేళ్ల మధ్య రాచి చూచినప్పుడు చిక్కగా, జిగటగా తగిలినది మంచి నూనె అని కొందరందురు. పోసిన కొద్ది దినములకే నల్లబడినది నాసి నూనె అని మరికొందరు. కార్లలో పోయు ఖరీదైన నూనె మోటారు సైకిలుకు ఇంకను మంచిదే కదా అని వేరొకరు. ఈ మూడును నేటి బండ్లకు సరిపడని అభిప్రాయములే. కాని ఇవి గాలినుండి పుట్టినవి కావు. ప్రతి అభిప్రాయమునకును ఒక కాలమున గట్టి ఆధారము ఉండెను. అప్పటి నూనెకు, అప్పటి యంత్రమునకు అది సరిపోయెను. నూనెలు మారినవి, ఇంజనులు మారినవి. మాటలు మాత్రము తాతలనుండి మనుమలకు అట్లే వచ్చినవి. కాబట్టి డబ్బాపై ముద్రించిన “20డబ్ల్యూ-40, ఎస్.ఎల్., జాసో ఎం.ఏ.2” వంటి గుర్తుల అర్థము తెలియవలెనన్న, ఆ గుర్తులు ఎప్పుడు, ఏ అవసరముచే పుట్టినవో చూడవలెను.

బండి చక్రమునుండి విమానము వరకు

ఎల్.బి.నగర్ దాటి ఇదే రహదారిపై తూర్పుగా పోయినచో చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్ వచ్చును. నాగార్జునసాగర్ దారి పట్టినచో దేవరకొండ సీమ దగ్గరగును. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట నేలలు చాలకాలము ఆముదపు పంటకు పేరుపొందినవి. నిజాముల నాటి హైదరాబాదు సంస్థానము భారతదేశములో ఆముదము పండించు ముఖ్య ప్రాంతములలో ఒకటి. వర్షము చాలని నేలలో కూడ బ్రతుకు మొక్క గనుక రైతు దానిని నమ్ముకొనెను. హెచ్.సి.-6 అను దీర్ఘకాలపు రకము విత్తనములపై న్యూట్రానులను ప్రసరింపజేసి, 270 దినముల పంటను 120 దినములకు తగ్గించిన “అరుణ” అను రకమును 1960 తరువాతి దశాబ్దములో శాస్త్రజ్ఞులు సాధించిరి. పత్తి విస్తరించిన పిమ్మట ఈ జిల్లాలలో ఆముదపు సాగు చాల తగ్గినది; నేడు దేశములోని ఆముదములో అధిక భాగము గుజరాతుది.

ఆముదముతో మన పల్లెలకు గల సంబంధము దీపముతోను, తలతోను ఆగలేదు. ఎడ్లబండి ఇరుసుకు పూయు కందెన దానితోనే తయారయ్యెడిది. గడ్డిని కాల్చిన మసిని ఆముదములో కలిపి, చిక్కని నల్లని ముద్దగా చేసి, చక్రము ఊడదీసి ఇరుసుకు పట్టించుదురు. ఇందులో శాస్త్రము లేకపోలేదు. మెల్లగా తిరుగు బరువైన చక్రము క్రింద పలుచని నూనె నిలువదు, ప్రక్కలకు జారిపోవును. చిక్కని పదార్థము నిలుచును. మసిలోని మెత్తని కార్బను పొడి ఆ పొరకు మరికొంత బలమిచ్చును. “చిక్కనిదే మంచిది” అను నమ్మకమునకు మొదటి పుట్టినిల్లు ఈ బండి ఇరుసే.

ఆముదము ఇతర నూనెలవంటిది కాదు. వేరుసెనగ నూనె, నువ్వుల నూనె మొదలగు వాటితో పోల్చినచో 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద దాని స్నిగ్ధత, అనగా ప్రవాహమునకు ఆటంకము కల్పించు గుణము, సుమారు ఆరు రెట్లు ఎక్కువ. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. రెండు పొడుగాటి గాజు గొట్టములలో ఒకదాన వేరుసెనగ నూనె, రెండవదాన ఆముదము నింపి, సైకిలు బేరింగునందలి చిన్న ఉక్కు గుండును చెరొకదాన ఒకేసారి వదలినచో ఏది ముందు అడుగు చేరునో, ఎంత ముందు చేరునో పిల్లలే లెక్కింతురు. దీనికి కారణము ఆముదములో 85 నుండి 90 శాతము వరకు గల రిసినోలిక్ ఆమ్లము. 18 కార్బను పరమాణువుల ఈ కొవ్వు ఆమ్లపు గొలుసులో 12వ కార్బను వద్ద ఒక హైడ్రాక్సిల్ సమూహము వ్రేలాడుచుండును. అది ప్రక్క అణువులను హైడ్రోజను బంధములతో పట్టుకొనును. లోహపు ఉపరితలమును కూడ గట్టిగా అంటిపెట్టుకొనును. ఒత్తిడికి నూనె పొర నలిగినను లోహముపై ఒక పలుచని కవచము మిగులును.

మరొక విశేష గుణము కూడ ఆముదమునకు కలదు. అది పెట్రోలులో సులభముగా కరగదు. మొదటి ప్రపంచ యుద్ధమున ఎగిరిన పెక్కు విమానములలో ఇంజను సిలిండర్లే గిరగిర తిరుగు రోటరీ ఇంజనులు ఉండెను. వాటిలో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము క్రాంకు పెట్టె గుండ పోవును. ఖనిజపు నూనె అయినచో పెట్రోలు దానిని కడిగివేయును, ఆముదము నిలుచును. అందుచేత ఆ యుద్ధకాలములో ఆముదమునకు గిరాకీ పెరిగెను. 1899లో లండనులో కందెనల వ్యాపారము ప్రారంభించిన చార్లెస్ వేక్‌ఫీల్డ్ సంస్థ, 1909లో ఆముదము కలిపిన ఇంజను నూనెకు “క్యాస్ట్రాల్” అని పేరు పెట్టెను. ఆముదమునకు ఇంగ్లీషులో క్యాస్టర్ అని పేరు. దానినుండి వచ్చినదే ఆ వ్యాపారనామము. నేడు దిల్‌సుఖ్‌నగర్ దుకాణపు అరలలో ఆ పేరు చూచువారిలో ఎందరికి నల్లగొండ చేలు జ్ఞప్తికి వచ్చునో!

కాని ఆముదమునకు ఒక పెద్ద లోపము గలదు. వేడిలో, గాలి తగిలినచో అది ఆక్సీకరణము చెంది, జిగురుగా, వార్నీషువలె గట్టిపడును. పిస్టను చుట్టలు అతుకుకొనిపోవును. కొన్ని గంటల పరుగు పందెమునకు, ఆ పిమ్మట ఇంజను విప్పి శుభ్రపరచుకొనువారికి అది బాధించదు. నెలల తరబడి ఒకే నూనెతో తిరుగవలసిన బండికి పనికిరాదు. ఆ చోటును భూమినుండి తీసిన ఖనిజపు నూనె ఆక్రమించెను. దానికి ఆద్యులలో ఒకడు వైద్యవృత్తిలో ఉండిన అమెరికా దేశస్థుడు జాన్ ఎల్లిస్. 1866లో అతడు స్థాపించిన సంస్థయే తరువాత “వాల్వోలిన్” అను పేరుతో ప్రసిద్ధమయ్యెను.

ఆముదము మాత్రము బండిని పూర్తిగా విడువలేదు. ఆముదమును హైడ్రోజనీకరణము చేసి, దాని కొవ్వు ఆమ్లమును లిథియముతో సబ్బుగా మార్చి, నూనెలో కలిపి చేయు గ్రీజు 1940 తరువాత వ్యాప్తిలోనికి వచ్చినది. మన మోటారు సైకిళ్ల చక్రపు బేరింగులలో పెట్టునది చాలవరకు ఆ జాతి గ్రీజే. ఎడ్లబండి ఇరుసుకు పూసిన ఆముదము, మోటారు బండి ఇరుసు వద్ద కూడ రూపు మార్చుకొని ఉన్నది.

నూనె పొర మోయు బరువు

నూనె ఘర్షణను ఎట్లు తగ్గించును? “జారుడుగా ఉండుటచేత” అనుట చాలకాలము అందరికిని తోచిన సమాధానము. 1880 తరువాత ఇంగ్లండులో ఇంజనీర్ల సంఘము కోరికపై బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేసెను. నూనె పోయుటకై అతడు బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగుచుండగా నూనె లోనికి పోవుటకు మారుగా ఆ రంధ్రమునుండి పైకి ఉబికెను. బిరడా బిగించెను, అది ఊడి వచ్చెను. కొయ్య మేకు దిగగొట్టెను. అదియు మెల్లగా పైకి వచ్చెను. చివరకు ఒత్తిడి కొలుచు మీటరు అమర్చి చూడగా, బేరింగు మోయు సగటు బరువు చదరపు అంగుళమునకు 100 పౌండ్లే అయినను, మీటరులోని ముల్లు 200 పౌండ్ల గీతను కూడ దాటెను. 1883లో ఈ ఫలితములు ప్రకటింపబడెను.

అనగా తిరుగు ఇరుసు నూనెను తనతో ఈడ్చుకొనిపోయి, సన్నని సందులోనికి త్రోయుచున్నది. అక్కడ ఏర్పడు ఒత్తిడియే ఇరుసును ఎత్తి పట్టుచున్నది. లోహము లోహమును తాకుటయే లేదు. ఇది గణితముతో నిరూపించినవాడు మాంచెస్టరు ఆచార్యుడు ఆస్బర్న్ రేనాల్డ్స్. అతని వ్యాసము 1886లో వెలువడెను. మన పాఠ్యగ్రంథములలోని రేనాల్డ్స్ సంఖ్య ఇతని పేరిటిదే.

రేనాల్డ్స్ లెక్కలో ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటి కలదు. పొర మందము నూనె స్నిగ్ధతపై మాత్రమే గాక, తిరుగు వేగముపై కూడ ఆధారపడును. ఎడ్లబండి చక్రము నిమిషమునకు కొద్ది చుట్లే తిరుగును గనుక దానికి చిక్కని ముద్ద కావలెను. నేటి 100 సి.సి. మోటారు సైకిలు పూర్తి బలముతో పోవునప్పుడు దాని క్రాంకు నిమిషమునకు సుమారు 8,000 చుట్లు తిరుగును. అంత వేగమునకు పలుచని నూనె కూడ చాలినంత పొరను నిర్మించును. అవసరమునకు మించి చిక్కనైనది పోసినచో ఏమగును? పంపు దానిని కష్టముగా లాగును. ఉదయము బండి వెలిగించిన వెంటనే పైనున్న క్యాం, వాల్వుల వద్దకు అది ఆలస్యముగా చేరును. తన లోపలి ఘర్షణచేతనే వేడెక్కును. పెట్రోలు వృథా అగును. వ్రేళ్ల మధ్య రాచి చూచుట ఈ లెక్కలో దేనికిని జవాబు కాదు. పైగా చేతిలో నూనె వేడి 30 డిగ్రీలు, ఇంజనులో 100. ఖనిజపు నూనె స్నిగ్ధత 40 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు పోవుసరికి సుమారు పదవ వంతునకు పడిపోవును. చేతిలో చిక్కగా ఉన్నది లోపల ఎట్లుండునో చేతికి తెలియదు.

రెండు అంకెలు, ఒక అక్షరము

ఆ సంగతి తెలుపుటకే అంకెలు వచ్చినవి. మోటారు కార్లు పెరుగుచున్న 1911లో అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘము, సంక్షిప్తముగా ఎస్.ఏ.ఇ., ఇంజను నూనెలను స్నిగ్ధతనుబట్టి వర్గీకరించెను. అంతకు పూర్వము “తేలిక”, “మధ్యమము”, “బరువు” అని ప్రతి వ్యాపారి తనకు తోచినట్లు చెప్పెడివాడు. నేటి నియమముల ప్రకారము 100 డిగ్రీల వద్ద స్నిగ్ధత 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల లోపు ఉన్నది 30వ తరగతి, 12.5 నుండి 16.3 లోపు 40వ తరగతి, 16.3 నుండి 21.9 లోపు 50వ తరగతి. ఈ అంకెలు నాణ్యతకు మార్కులు కావని విద్యార్థులు గమనింపవలెను. 50 వచ్చినవాడు 30 వచ్చినవానికంటె తెలివైనవాడన్నట్లు నూనెను ఎన్నుకొనువారు కలరు!

మొదటి అంకె ప్రక్కనున్న “డబ్ల్యూ” అను అక్షరము చలికాలమునకు గుర్తు. అది మంచు దేశముల బాధనుండి పుట్టినది. అక్కడ రాత్రి బయట నిలిపిన కారులో నూనె తేనెవలె గడ్డకట్టి, ఉదయము ఇంజను తిరుగదు. కాబట్టి చలిలో నూనె ఎంత కదలునో పరీక్షింపవలసి వచ్చెను. 20డబ్ల్యూ నూనెను సున్నకు దిగువ 15 డిగ్రీల వద్దను, 10డబ్ల్యూ నూనెను సున్నకు దిగువ 25 డిగ్రీల వద్దను పరీక్షింతురు. హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు; అత్యధికము 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు. ఎల్.బి.నగర్‌లో ఇంజను ఎప్పుడును ఎరుగని చలికి సంబంధించిన అంకె మన డబ్బాలపై మొదట కూర్చున్నది. మనకు ముఖ్యమైనది రెండవ అంకె.

ఒకే నూనెకు రెండు అంకెలు ఎట్లు వచ్చినవి? వేడికి తక్కువగా పలుచబడు నూనె కావలెనని ఇంజనీర్లు చాలకాలము వెదకిరి. పెన్సిల్వేనియా బావుల నూనె ఇందులో మేలైనది. మెక్సికో సింధుశాఖ ప్రాంతపు నూనె తీసికట్టు. 1929లో డీన్, డేవిస్ అను ఇద్దరు మొదటిదానికి 100, రెండవదానికి 0 అని ఇచ్చి, స్నిగ్ధతా సూచికను ఏర్పరచిరి. తరువాత పాలిమరులు తోడైనవి. ఇవి పొడుగాటి గొలుసు అణువులు. చల్లని నూనెలో ముడుచుకొని ఉండును. వేడికి విప్పుకొని ప్రవాహమును అడ్డుకొనును. పలుచని నూనెలో వీటిని కలిపినచో చలిలో పలుచగాను, వేడిలో చాలినంత చిక్కగాను ఉండును. 20డబ్ల్యూ-40 అనగా ఇదే. ఒక లోపము మాత్రము కలదు. గేరు పళ్ల మధ్య నలిగినప్పుడు ఈ పొడుగాటి గొలుసులు తెగును. తెగినవి మరల అతుకవు. కారు ఇంజను నూనెకు గేర్లతో పని లేదు. మోటారు సైకిలు సంగతి వేరు. దానిని క్రిందట చెప్పెదము.

నలుపు దేనికి గుర్తు?

పూర్వపు ఖనిజపు నూనెలో వేరే రసాయనములు ఉండెడివి కావు. మసి, జిగురు ఇంజను గోడలకు పట్టెడివి. నూనె కొంతకాలము నిర్మలముగానే కనిపించెడిది. అది నల్లబడినదనగా నిజముగా చెడినదే. 1930 తరువాత డీజిలు ఇంజనులలో పిస్టను చుట్టలు అతుకుకొనిపోవుట పెద్ద సమస్య కాగా, 1935లో కాలిఫోర్నియాకు చెందిన ఒక చమురు సంస్థ శుభ్రపరచు రసాయనములు కలిపిన “డెలో” అను నూనెను తెచ్చెను. అప్పటినుండి ఇంజను నూనె సబ్బు పని కూడ చేయుచున్నది. మసి కణములను గోడకు పట్టనీయక తనలో తేలియాడునట్లు ఉంచుకొనును. బట్టలుతికిన నీరు మురికియైనచో సబ్బును నిందింపము కదా! కాబట్టి త్వరగా నల్లబడిన నూనె తన పని తాను చేయుచుండవచ్చును. ఎప్పుడు మార్చవలెనన్నది రంగునుబట్టి గాక, తిరిగిన కిలోమీటర్లనుబట్టి, గడచిన నెలలనుబట్టి నిర్ణయింపవలెను.

పెట్రోలులో నూనె కలిపిన కాలము

దిల్‌సుఖ్‌నగర్ ఊరు శివారుగా ఉండి క్రమముగా నగరములో కలిసిన దశాబ్దములలో మన రోడ్లపై తిరిగిన స్కూటర్లలో, మోటారు సైకిళ్లలో అధికభాగము రెండు స్ట్రోకులవి. బజాజ్, లాంబ్రెట్టా, మన హైదరాబాదు ఆల్విన్ పేరుతో తిరిగిన పుష్పక్, మైసూరు జావా, ఎజ్డీ, రాజ్‌దూత్, 1985లో వచ్చిన ఆర్.ఎక్స్.100, అన్నియు ఆ కోవలోనివే. ఈ ఇంజనులో క్రాంకు పెట్టెయే పెట్రోలు మిశ్రమమును నొక్కి పంపు పంపుగా పనిచేయును గనుక నూనె నిలువయుంచుటకు అందులో చోటు లేదు. పెట్రోలుతోపాటే నూనెను పంపవలెను. బంకులో లీటరుకు 20 నుండి 50 మిల్లీలీటర్ల వరకు, బండినిబట్టి, 2టీ నూనె కలిపెడివారు. ఎక్కువైనచో నీలిపొగ, మసిపట్టిన ప్లగ్గు. తక్కువైనచో పిస్టను పట్టివేయుట. ఏ ఇంటి యజమాని అయినను ప్లగ్గు ఊడదీసి గుడ్డతో తుడిచి బిగించుట ఎరిగియుండెను. పట్టివేయునను భయముచే “మరికొంచెము పొయ్యి” అనుటయే వాడుక. కలిపిన నూనె కాలి, కొంత కాలకయే పొగగొట్టమునుండి వెలువడి, వెనుక వచ్చువాని ఊపిరితిత్తులలోనికి పోయెడిది.

ఆ పొగను తగ్గించుటకే రెండు స్ట్రోకుల నూనెలకు జపానువారు ఎఫ్.బి., ఎఫ్.సి. అను తరగతులు నిర్ణయించిరి. 2000 సంవత్సరమున మన దేశములో ఉద్గారముల నియమములు కఠినమైన పిమ్మట, క్రొత్త బండ్లలో నాలుగు స్ట్రోకుల ఇంజనులే మిగిలినవి. రెండు స్ట్రోకుల బండి తిరిగినంతసేపు దానికి క్రొత్త నూనెయే అందెడిది. ఇంజను నూనెను దించి మార్చుట అను మాట ఆ బండివారికి అవసరము లేకపోయెను. నాలుగు స్ట్రోకుల బండి కొనినవారు కూడ కొందరు తగ్గినప్పుడు పైన పోయుటతోనే తృప్తిపడుటకు ఇది ఒక కారణమని నా ఊహ.

ఒకే నూనె, మూడు పనులు

1955లో మద్రాసులో తయారీ మొదలైన ఎన్‌ఫీల్డు బుల్లెటును గమనింపుడు. పాత బుల్లెటులో ఇంజను నూనె వేరు, గేరు పెట్టె వేరు, క్లచ్చి ఉండు గొలుసు పెట్టె వేరు. ఇంజనులో కారు నూనె పోసినను నష్టము లేదు. అది క్లచ్చిని తాకదు. “కారు నూనె బండికి మంచిదే” అను మూడవ అభిప్రాయము ఈ కాలపుది. 1985లో హీరో హోండా సి.డి.100 వచ్చెను. జపాను పద్ధతిలో ఇంజను, గేర్లు, క్లచ్చి అన్నియు ఒకే పెట్టెలో, ఒకే నూనెలో మునిగి ఉండును. తరువాత వచ్చిన మోటారు సైకిళ్లలో దాదాపు అన్నియు ఈ పద్ధతివే. బుల్లెటు కూడ తరువాత ఇందులోనికి వచ్చినది. కారులో మూడు, నాలుగు లీటర్లు చేయు పనిని, గేర్ల పనితోపాటు, ఇక్కడ సుమారు ఒక లీటరు నూనె చేయవలెను.

ఇచ్చట ఒక విచిత్రమైన చిక్కు కలదు. పిస్టను వద్ద ఘర్షణ తగ్గవలెను. క్లచ్చి పలకల మధ్య ఘర్షణ ఉండవలెను. అది లేనిచో ఇంజను బలము చక్రమునకు చేరదు. ఒకే నూనె రెండు విరుద్ధమైన పనులు చేయవలెను.

ఈలోగా కార్ల నూనె వేరొక దారి పట్టెను. నూనెల నాణ్యతకు అమెరికా పెట్రోలియం సంస్థ, అనగా ఏ.పి.ఐ., 1947నుండి తరగతులు ఇచ్చుచున్నది. నేటి ఎస్.జె., ఎస్.ఎల్., ఎస్.ఎం., ఎస్.ఎన్., 2020లో వచ్చిన ఎస్.పి. ఆ వరుసలోనివి. రెండవ అక్షరము ముందుకు పోయినకొలది తరగతి క్రొత్తది. పెట్రోలు పొదుపు కొరకు కార్ల పలుచని నూనెలలో ఘర్షణను మరింత తగ్గించు మాలిబ్డినము వంటి పదార్థములు కలుపసాగిరి. పొగగొట్టములోని ఉత్ప్రేరకము చెడకుండ, అరుగుదలను ఆపు జింకు-ఫాస్ఫరసు రసాయనమును తగ్గించిరి. ఈ రెండును కారుకు లాభమే. మోటారు సైకిలులో మొదటిది క్లచ్చిని జారజేయును. రెండవది గేరు పళ్లకు రక్షణ తగ్గించును. వంతెన ఎక్కుచున్నప్పుడు యాక్సిలరేటరు త్రిప్పిన ఇంజను అరచును, బండి మాత్రము ముందుకు దూకదు. వెనుక లారీ ఉన్నచో ఇది డబ్బు నష్టముతో పోవు విషయము కాదు.

అందుచేత జపాను వాహన ప్రమాణముల సంస్థ 1998లో మోటారు సైకిళ్లకు ప్రత్యేకముగా జాసో టి-903 అను ప్రమాణమును ఏర్పరచెను. క్లచ్చి పలకలను నూనెలో త్రిప్పి, బిగించి, జారునా పట్టునా అని కొలిచి, పట్టు గలవాటికి ఎం.ఏ., జారుడు గలవాటికి ఎం.బి. అని ముద్ర వేయుదురు. 2006లో ఎం.ఏ.ను ఎం.ఏ.1, ఎం.ఏ.2 అని విభజించిరి, ఎం.ఏ.2 పట్టు ఎక్కువ గలది. ఫాస్ఫరసు 0.08 నుండి 0.12 శాతము మధ్య ఉండవలెననియు, పాలిమరులు తెగిన తరువాత కూడ స్నిగ్ధత నిలువవలెననియు ఇందులో నియమములున్నవి. ఎం.బి. చెడ్డ నూనె కాదు. గేర్లు మార్చనక్కరలేని యాక్టివా వంటి స్కూటర్లలో క్లచ్చి పొడిగా వేరొక చోట ఉండును, వాటికి ఎం.బి.యే తగినది. దానిని మోటారు సైకిలులో పోయుటయే తప్పు.

ఎన్నుకొను విధము

ఇంతవరకు వచ్చిన పిమ్మట మెకానిక్కు ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టము కాదు. బండితో వచ్చిన చిన్న పుస్తకములో మూడు సంగతులు ఉండును: రెండు అంకెల తరగతి, ఏ.పి.ఐ. అక్షరములు, జాసో గుర్తు. మొదటిది, మూడవది పుస్తకములో ఉన్నవే డబ్బాపై ఉండవలెను. రెండవది అంతకంటె క్రొత్తదైనను చిక్కు లేదు. జాసో గుర్తు మాత్రము తప్పరాదు. ఏ.పి.ఐ. వలయములో “రిసోర్స్ కన్సర్వింగ్” అను మాట ఉన్న కారు నూనెను విడిచిపెట్టవలెను. చిన్న హీరో బండ్లకు 10డబ్ల్యూ-30 చెప్పియుండగా, “మన ఎండలకు పలుచన” అని 20డబ్ల్యూ-50 పోయించుట చూచుచున్నాము. ఎండ బయట 42 డిగ్రీలైనను, నూనె లోపల దానికి రెట్టింపు పైనే వేడెక్కును. ఆ వేడిని ఎరిగియే ఇంజను కట్టినవారు అంకె చెప్పిరి. రాయల్ ఎన్‌ఫీల్డు పెద్ద ఇంజనుకు 15డబ్ల్యూ-50 చెప్పినదియు ఆ ఇంజను కొలతలనుబట్టియే.

ఖనిజపు నూనెయా, కృత్రిమ నూనెయా అను వాదము ఎక్కువగా వినబడును. అణువులు ఒకే తీరుగా ఉండుటచేత కృత్రిమ నూనె వేడికి ఎక్కువకాలము తాళును. అధిక వేగపు ఇంజనులకు, దూర ప్రయాణములకు అది మేలు. ఇంటినుండి పాఠశాలకు పోవు 100 సి.సి. బండికి, పుస్తకములో చెప్పనప్పుడు, రెండు మూడు రెట్ల ధర పెట్టుటకంటె సాధారణ నూనెనే వేళకు మార్చుట లాభమని నా అభిప్రాయము. కొత్తపేట, చైతన్యపురి రద్దీలో తిరుగు బండికి ఈ వేళ ముఖ్యము. గాలితో చల్లబడు ఇంజను నిలిచిపోయినచో గాలి తగులదు; వేడిని మోయు పని నూనెపైననే పడును. మీటరులో కిలోమీటరు పడకయే ఇంజను తిరుగుచుండును. రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణములలో ఇంజను పూర్తిగా కాగక, కాలని పెట్రోలు, నీటి ఆవిరి నూనెలో చేరును. ఇట్టివారు పుస్తకములోని గడువుకు కొంత ముందే మార్చుట మంచిది. మార్చునప్పుడు సీలు తమ యెదుట తీయించుకొని, ఖాళీ డబ్బాకు రంధ్రము పొడిపించినచో కల్తీ నూనె నింపువారికి అది చేరదు.

దించిన నూనెను మురుగు కాలువలో పోయు అలవాటు ఇంకను అక్కడక్కడ ఉన్నది. ఈ ప్రాంతపు కాలువలు చేరునది సరూర్‌నగర్ చెరువుకు, మూసీకి. నీటిపై నూనె పలుచని పొరగా వ్యాపించి గాలిని అడ్డగించును. అందులో అరిగిన లోహపు పొడి, అసంపూర్ణ దహనమువలన పుట్టిన విషపదార్థములు ఉండును. నిజమునకు నూనెలో అరిగిపోవునది చాలవరకు దానిలో కలిపిన రసాయనములే. మూలమైన నూనె అణువులు అధికభాగము మిగిలియే ఉండును. వాటిని శుద్ధిచేసి మరల కందెనగా మార్చు కర్మాగారములు దేశములో పనిచేయుచున్నవి. షెడ్డులో పీపా పెట్టి, దించిన నూనెను అందులో పోసి, అనుమతి గల సేకరణదారుకు ఇచ్చు మెకానిక్కు వద్దకు పోవుట బండి గలవారు చేయదగిన పని.